మూడు సిరీస్‌లు, ఒక కథ: 'రోబోటెక్' కేస్ స్టడీ

డబ్బింగ్ స్క్రిప్ట్ రాయడానికి కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చూపించే కేసు తెలుగుదీ కాదు, హిందీదీ కాదు. 1985 మార్చిలో అమెరికా లోకల్ టీవీ స్టేషన్లలో మొదలైన కార్టూన్ సిరీస్ 'రోబోటెక్'. జపాన్‌లో ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని మూడు సిరీస్‌లు తీసుకొచ్చి, మూడు తరాల యుద్ధకథగా మార్చి 85 ఎపిసోడ్‌లు నడిపారు. దీన్ని నెత్తిన పెట్టుకునే అభిమానులు ఉన్నారు, మూలానికి ద్రోహం చేశారని ఇప్పటికీ మండిపడేవాళ్లూ ఉన్నారు. ఆ తగువు నాకు పట్టదు. పనివాడి కళ్లతో చూస్తే ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒకటే. బొమ్మను దాదాపు ముట్టుకోకుండా, కష్టమంతా సౌండ్ మీదే పెట్టి ఎంత దూరం వెళ్లగలిగారు, ఎక్కడ చతికిలబడ్డారు అన్నది.

లెక్క దగ్గర మొదలైన చిక్కు

లాస్ ఏంజెలెస్‌లోని హార్మొనీ గోల్డ్ అనే నిర్మాణ సంస్థ చేతికి 'సూపర్ డైమెన్షన్ ఫోర్ట్రెస్ మాక్రాస్' వచ్చింది. 1982 అక్టోబర్ నుంచి 1983 జూన్ దాకా జపాన్‌లో నడిచిన సిరీస్ అది. పడిపోయిన గ్రహాంతర నౌక, దాన్ని బాగుచేసుకున్న మనుషులు, దాని కోసం వచ్చిన రాక్షసాకారపు సైన్యం, మధ్యలో పైలట్ కుర్రాడికీ గాయనికీ పై అధికారిణికీ నడుమ నలిగే ప్రేమ. సరుకు మంచిదే, కానీ ఎపిసోడ్‌లు 36.

అమెరికాలో నెట్‌వర్క్‌లతో పని లేకుండా ఊరూరా ఉన్న స్టేషన్లకు విడివిడిగా అమ్ముకునే పద్ధతి ఒకటుంది. దాన్నే సిండికేషన్ అంటారు. పిల్లల కార్టూన్ అయితే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఒకే వేళకు పడాలి. వారానికి 5 చొప్పున 13 వారాలకు 65. అదీ స్టేషన్లు అడిగే కనీస సరుకు. 13 వారాలంటే సంవత్సరంలో పావు భాగం, కాబట్టి 65 చేతిలో ఉంటే ఏడాదికి నాలుగు చుట్లు తిప్పుకోవచ్చు. 36 అయితే ఏడు వారాలకే అయిపోయి, ఎనిమిదో వారం సోమవారం ఒక్కటి మిగులుతుంది. అలాంటిది ఎవరు కొంటారు?

ఈ పని నిర్మాత, రచయిత కార్ల్ మేసెక్ చేతికి వచ్చింది. ఆయన వెతికింది మరో మంచి సిరీస్ కోసం కాదు, మాక్రాస్ పక్కన పెడితే కంటికి మరీ ఎబ్బెట్టుగా ఉండని సిరీస్ కోసం. తత్సునోకో స్టూడియో నుంచి మరో రెండు దొరికాయి. 'సూపర్ డైమెన్షన్ కావల్రీ సదరన్ క్రాస్' 1984 నాటిది, 23 ఎపిసోడ్‌లకే ముగిసిపోయింది. 'జెనెసిస్ క్లైంబర్ మోస్పెడా' 1983లో మొదలైంది, 25 ఎపిసోడ్‌లు. మూడూ కలిపితే 84. అతుకు కోసం మాక్రాస్, సదరన్ క్రాస్ రెండింటి క్లిప్పులూ కోసి 'డేనాస్ స్టోరీ' అని ఒకటి కొత్తగా కట్టారు. దాంతో 85 అయింది.

పేరు కథ వేరే. రెవెల్ అనే మోడల్ కిట్ల కంపెనీ అప్పటికే రోబోటెక్ అన్న పేరుతో జపనీస్ రోబోల ప్లాస్టిక్ కిట్లు అమ్ముతోంది. వాటిలో మాక్రాస్ యంత్రాలూ ఉన్నాయి. ఒకే సరుకు మీద ఇద్దరికీ హక్కులుంటే దెబ్బలాడుకోవాలి, లేదా పొత్తు కలవాలి. వీళ్లు పొత్తు కలిశారు, కిట్ల పేరే సిరీస్ పేరైంది. 1984లో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల సమయం మీద ఉన్న పరిమితులు ఎత్తేసింది. ఆటబొమ్మల కంపెనీలు నేరుగా టీవీలోకి దిగుతున్న రోజులవి. ఆ గాలి లేకపోతే ఈ ప్రాజెక్ట్ అసలు పైకి లేచేది కాదేమో అనిపిస్తుంది.

అంతకుముందు ఎలా చేసేవాళ్లు

మేసెక్ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది శాండీ ఫ్రాంక్ 1978లో చేసిన 'బ్యాటిల్ ఆఫ్ ది ప్లానెట్స్'. జపాన్‌లో 105 ఎపిసోడ్‌లు నడిచిన 'గచమాన్' అందులో 85కి దిగింది. భూమి మీద జరిగే కథను అంతరిక్షానికి తోలేశారు. హింస కోసేయడంతో పడిన ఖాళీల్లో 7-జార్క్-7 అనే రోబోను కొత్తగా గీయించి కూర్చోబెట్టారు. పేలిపోయిన ఊళ్లో ముందే జనాన్ని ఖాళీ చేయించామని భరోసా ఇవ్వడం లాంటివి అతని ఉద్యోగం. కొత్త బొమ్మకు ఖర్చు పెట్టారు, కానీ అది పాత బొమ్మలో ఎన్నడూ కలవలేదు. గీత తేడా పిల్లలకు కూడా ఇట్టే తెలుస్తుంది.

రెండోది 1979 నాటి 'స్టార్ బ్లేజర్స్'. కథను చాలావరకు ఉన్నదున్నట్టు ఉంచి, పైపై మార్పులతో సరిపెట్టారు. దాని జపనీస్ మూలం 'యమాతో'లో డాక్టర్ తాగే సాకే అనే మద్యం, ఇక్కడ ఊటనీళ్లు అయింది. సీసా అదే, తూలడం అదే, మాట మాత్రం నీళ్లు.

మూడోది 1984 సెప్టెంబర్‌లో వచ్చిన 'వోల్ట్రాన్'. రోబోటెక్‌కు బాగా దగ్గరి చుట్టం ఇదే. 'గోలయన్', 'డైరగ్గర్ ఫిఫ్టీన్' అనే రెండు వేర్వేరు సిరీస్‌లను ఒకే పేరు కింద పెట్టారు. కానీ కథల్ని కలపలేదు, ఇది ఒక చోట వోల్ట్రాన్, అది ఇంకో చోట వోల్ట్రాన్ అని వదిలేశారు. గోలయన్‌లో చనిపోయే పైలట్‌ను, ఇక్కడ గాయపడ్డాడని చెప్పి వైద్యానికి పంపేశారు.

మేసెక్ ఈ మూడింటిలో దేనివెంటా పోలేదు. కొత్త బొమ్మ గీయించలేదు, చావుల్ని ఆసుపత్రులకు మళ్లించలేదు, సిరీస్‌లను పక్కపక్కన వదిలేయనూ లేదు. ఉన్న బొమ్మకే కొత్త చుట్టరికాలు రాశాడు.

చుట్టరికాల పని

ఈ కేసులో నన్ను ఎప్పుడూ ఆపేసే భాగం ఇదే.

మాక్రాస్‌లో మాక్స్ అనే మేటి పైలట్, మిలియా అనే శత్రు యోధురాలు పెళ్లి చేసుకుంటారు. వాళ్లకో పాప పుడుతుంది. సదరన్ క్రాస్‌లో కథానాయిక జాన్ అనే అల్లరి అధికారిణి. భూమికి దూరంగా గ్లోరీ అనే గ్రహం మీద ఉంటుంది, మాక్రాస్ వాళ్లెవరో ఆమెకు తెలియదు. మేసెక్ బృందం ఆ గ్రహాన్ని భూమి చేసింది. జాన్‌ను డేనా స్టెర్లింగ్ చేసింది. మాక్రాస్‌లో పుట్టిన పాపకూ డేనా అనే పేరు పెట్టింది. అంతే, ఆ చంటిపాపే పెరిగి యూనిఫామ్ వేసుకుంది.

దీనివల్ల దొరికిన లాభం పేరు కలవడం ఒక్కటే కాదు. మూలంలో జాన్ దూకుడుగా ఉంటుంది, పై అధికారుల మాట వినదు, పట్టుబడిన శత్రు పైలట్ మీద మనసు పడుతుంది. అక్కడ అది ఆమె స్వభావం, అంతే. ఇక్కడ డేనా తల్లి శత్రుజాతి మనిషి. కాబట్టి శత్రువు వైపు ఆమె మనసు లాగడానికి కారణం దానంతటదే పుట్టింది. బొమ్మలో ఒక్క ఫ్రేమ్ మారలేదు, ఆ ఫ్రేమ్ బరువు మారింది. వాయిస్ ఆర్టిస్ట్‌కు కూడా ఇలాంటిది దొరికితే పండగే. అదే డైలాగ్‌ను రెండు రకాలుగా పలకడానికి చోటు దొరుకుతుంది.

ఇలాంటిదే ఇంకో ముడి ఉంది. మాక్రాస్‌లో నౌకను నడిపే గదిలో ఉండే నల్లజాతి అధికారిణి క్లాడియా ఇంటిపేరు మూలంలో లసాల్. రోబోటెక్ దాన్ని గ్రాంట్ చేసింది. సదరన్ క్రాస్‌లోని నల్లజాతి కుర్రాడు బోవీని బోవీ గ్రాంట్ చేసి, క్లాడియాకు మేనల్లుడని చెప్పింది. రెండు సిరీస్‌ల డిజైనర్లు వేరు, పాత్రల ముఖాలు వేరు, అయినా ఇంటిపేరొక్కటి రక్తసంబంధం కలిపేసింది.

అన్నీ కుదరలేదు లెండి. డేనా తండ్రి జుట్టు నీలం, తల్లి జుట్టు ఆకుపచ్చ, పెరిగిన డేనాది బంగారు రంగు. బొమ్మ ముట్టుకోకూడదన్నది నియమం, కాబట్టి ఏమీ ఎరగనట్టు ముందుకు సాగిపోయారు. రంగు వేయలేని చోట నోరు మూసుకోవడమే మంచిది. సంజాయిషీ ఇస్తే అప్పటిదాకా గమనించనివాడు కూడా గమనిస్తాడు.

మోస్పెడా దగ్గర ఇంకా తెలివైన పని జరిగింది. జపాన్‌లో అది సదరన్ క్రాస్ కంటే ముందు వచ్చింది, రోబోటెక్‌లో చివర పెట్టారు. భూమి అప్పటికే శత్రువుల చేతుల్లో ఉంటుంది, మార్స్ నుంచి వచ్చిన దళం దాన్ని విడిపించబోయి చిత్తవుతుంది, మిగిలిన ఒక్క సైనికుడు దారిలో దొరికినవాళ్లను వెంటేసుకుని పోరాడతాడు. ఆ దళాన్ని పంపింది మాక్రాస్ హీరో రిక్ హంటర్, ఇప్పుడు అడ్మిరల్, అని చెప్పారు. రిక్ ఆ భాగంలో కనిపించడు. కనిపించడానికి బొమ్మ లేదు. ఎక్కడో అంతరిక్షంలో ఉన్నాడు, వస్తాడు, రావాలి. తెర మీద లేని మనిషి కోసం ఎదురుచూడటమే మూడో భాగానికి వెన్నెముక అయింది. చివర్లో ఆ మిగిలిన సైనికుడు స్కాట్ బెర్నార్డ్ ఆయన్ని వెతుక్కుంటూ భూమి వదిలి వెళ్తాడు. పైసా ఖర్చులేని నిర్ణయం, అయినా సిరీస్ మొత్తంలో ఎక్కువ కాలం జనాన్ని పట్టి ఉంచినది అదే.

ముగ్గురు శత్రువులూ ఒకే వస్తువు కోసం భూమి మీద పడాలి కాబట్టి ప్రోటోకల్చర్‌ను శక్తివనరుగా మార్చారు. మాక్రాస్ మూలంలో అది ఎప్పుడో అంతరించిన ఒక ప్రాచీన జాతి. ఇక్కడ యంత్రాల్ని నడిపే ఇంధనం, దాని మూలం ఒక పువ్వు. మొదటి సైన్యం దాని కోసం వస్తుంది, ఆ సైన్యం యజమానులు రెండోసారి వస్తారు, పువ్వును వెతుక్కుంటూ ఇన్విడ్ అనే జాతివాళ్లు మూడోసారి వస్తారు. కథకు ఇది బాగా ఉపయోగపడింది. కాకపోతే మాక్రాస్‌లో ఉన్న ఒక పెద్ద ఊహ, మనుషులూ శత్రువులూ ఒకే చేతి సృష్టి అన్నది, బాగా పలచబడింది. నా లెక్కలో రోబోటెక్ చెల్లించిన అతిపెద్ద మూల్యం ఇది.

నోరు, టైమింగ్

ఇప్పుడు డబ్బింగ్ బల్ల దగ్గరికి వద్దాం. జపనీస్ టీవీ యానిమేషన్‌లో నోటికి మామూలుగా మూడు బొమ్మలే ఉంటాయి: మూసినది, సగం తెరిచినది, బాగా తెరిచినది. ఏ అక్షరం పలికినా వాటినే తిప్పి తిప్పి వాడతారు. సినిమా డబ్బింగ్‌లో మనల్ని పీడించే ప, బ, మల బెడద ఇక్కడ లేదు. పెదాలు కలిశాయా లేదా అని ఎవరూ చూడరు. కానీ నోరు ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఆగి మళ్లీ మొదలైంది, ఎప్పుడు మూతపడింది అన్నది మాత్రం కచ్చితంగా తెలిసిపోతుంది. మాట ముందే అయిపోతే పాత్ర గాలి నములుతున్నట్టు ఉంటుంది.

ఒక చిన్న సీన్ అనుకోండి. రేడియో ముందు ఒకమ్మాయి కూర్చుంది. అధికారి వచ్చి "అతను ఇంకా తిరిగి రాలేదు" అంటాడు. జపనీస్‌లో క్రియ, దాని వెనకే 'లేదు' అన్నది వాక్యం చివరే పడతాయి. అందుకే అధికారి నోరు మూతపడ్డాక అమ్మాయి కళ్లు పెద్దవయ్యే బొమ్మ వేసి ఉంటుంది. ఇంగ్లీషులో అదే మాట మామూలుగా చెబితే 'లేదు' అన్న సంగతి రెండో మాటకే తెలిసిపోతుంది, కళ్లు ఆలస్యంగా పెద్దవైనట్టు అవుతాయి. అమ్మాయికి చెవుడేమో అనిపిస్తుంది. కాబట్టి ఇంగ్లీషు రచయిత వాక్యాన్ని తిరగేసి, కబురు చివర్లో పడేలా కట్టాలి. 85 ఎపిసోడ్‌ల నిండా, ప్రతి రీల్‌లో, ఈ పని చేస్తూ పోవాలి. అమెరికన్ డబ్బింగ్‌లో పాత్రలు అనవసరంగా మాట్లాడుతున్నట్టు అనిపించడానికి సగం కారణం ఇదే. మిగిలిన నోటి కదలికలు నింపడానికి ఏదో ఒక మాట కావాలి కదా.

తెలుగులో రాసేవాళ్లం ఈ విషయంలో అదృష్టవంతులం. మన వాక్యమూ క్రియతోనే ముగుస్తుంది, 'రాలేదు' అన్నది జపనీస్ నోరు మూసే చోటే పడుతుంది. కాకపోతే మనకు చాలాకాలం జపనీస్ ట్రాక్ నేరుగా వచ్చేది కాదు, అమెరికన్ స్క్రిప్ట్ మీదుగా వచ్చేది. పోకెమాన్ చూసి పెరిగిన మన పిల్లలకు తెలిసిన పేరు యాష్. జపాన్‌లో ఆ అబ్బాయి సతోషి. అమెరికాలో తీసుకున్న నిర్ణయం హైదరాబాద్ దాకా వచ్చి కూర్చుంది. 2025లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' తెలుగులో థియేటర్లకు వచ్చేనాటికి దాని హీరో తంజిరో తంజిరోగానే ఉన్నాడు.

ముట్టుకోనివి

రోబోటెక్ 18వ ఎపిసోడ్ చూడండి. హీరోకు అన్నలాంటి రాయ్ ఫోకర్ యుద్ధం నుంచి తిరిగొచ్చి క్లాడియా ఇంటికి వెళ్తాడు. ఆమె వంటింట్లో పైనాపిల్ సలాడ్ చేస్తూ ఉంటుంది. అతను గిటార్ వాయిస్తూ కూర్చుని, అలాగే వాలిపోతాడు. వీపున గాయం ఉందని ఆమెకు అప్పుడు తెలుస్తుంది. ఫోకర్ బతకడు. ఆ తర్వాతి ఎపిసోడ్‌లోనే హీరో దళంలోని ఇంకో పైలట్ పోతాడు. 27వ ఎపిసోడ్ దగ్గర భూమి దాదాపు బూడిదవుతుంది. ఇవన్నీ బడి నుంచి వచ్చి పాలూ బిస్కెట్లూ తినే వేళకు పడ్డాయి.

ఇది ఎంత సాహసమో తెలియాలంటే పదేళ్లు ముందుకు వెళ్లాలి. 1995లో 'సెయిలర్ మూన్' అమెరికాకు వచ్చినప్పుడు, మొదటి భాగం చివర అమ్మాయిలంతా చనిపోయే రెండు ఎపిసోడ్‌లను కుదించి ఒకటి చేశారు, చనిపోలేదు పట్టుబడ్డారని చెప్పారు. అదే సిరీస్‌లో ఇద్దరు మగ పాత్రల మధ్య ప్రేమను దాచడానికి వాళ్లలో ఒకడైన జోయిసైట్‌ను ఆడదాన్ని చేశారు. రోబోటెక్‌లో మోస్పెడా భాగపు లాన్సర్ ఆడవేషం వేసుకుని గాయనిగా తిరిగే మగవాడు. 1985లో అతన్ని మగవాడిగానే ఉంచారు, ఆడవేషమూ ఉంచారు. దీనికి ధైర్యం ఒక్కటే కారణం అనను. కథంతా ఒకదానిమీద ఒకటి ఆధారపడి నడుస్తుంటే, ఒక చావు తీసేస్తే తర్వాతి పది ఎపిసోడ్‌ల ఏడుపుకు అర్థం పోతుంది. వరుసకథకు ఆ రక్షణ ఉంటుంది. ఏ రోజుకారోజు ముగిసే కథ అయితే కత్తెర వేయడం తేలిక.

పాటల దగ్గర మాత్రం నాకు పూర్తి అసంతృప్తి. మాక్రాస్‌లో గాయని మిన్మే పాటే ఆయుధం, సంస్కృతి అంటే ఏమిటో తెలియని సైన్యం పాట విని తడబడుతుంది. జపాన్‌లో ఆ పాత్రకు గొంతిచ్చి పాటలు పాడింది ఇజిమా మారి. రోబోటెక్ కొత్త ఇంగ్లీషు పాటలు చేయించింది, అవే మళ్లీ మళ్లీ వేసింది. ఉల్పియో మినూచి కట్టిన టైటిల్ సంగీతం ఇప్పటికీ బాగుంటుంది, కానీ మిన్మే పాటలు వింటే ఏ సైన్యమూ ఆయుధాలు దించదు.

వ్యాఖ్యాత గొంతు కూడా శ్రుతి మించింది. కథలు కుట్టడానికి వ్యాఖ్యానం తప్పదు, అది ఒప్పుకోవాలి. కానీ అతుకు లేని చోట కూడా చెబుతూ పోయారు. ముఖ్యంగా సదరన్ క్రాస్ భాగంలో. అసలే అది 23కే ఆగిపోయిన సిరీస్, ముగింపు హడావుడిగా ఉంటుంది. దాని నెత్తిన ముందు కథ శేషమూ తర్వాతి కథకు పునాదీ రెండూ మోపారు. మధ్య భాగం అందుకే నీరసంగా ఉంటుంది. కవచాలు మధ్యయుగపు సైనికుల్లా, మాక్రాస్ పైలట్ల దుస్తులు మరోలా. ఒకే సైన్యం పదిహేనేళ్లలో ఇంతగా ఎలా మారిందో ఏ వ్యాఖ్యానమూ నమ్మించలేదు.

సొంత బొమ్మ గీయాల్సి వచ్చినప్పుడు

సిరీస్ నడిచాక 'రోబోటెక్ 2: ది సెంటినెల్స్' మొదలుపెట్టారు. ఈసారి కొత్త కథ, కొత్త బొమ్మ, మళ్లీ 65 ఎపిసోడ్‌ల ప్లాన్. రిక్ హంటర్ ఎక్కడికి వెళ్లాడో చూపించే కథ అది. డాలర్‌తో యెన్ విలువ పెరిగిపోయింది, జపాన్‌లో గీయించడం ఖరీదైంది. ఆటబొమ్మల లైన్ అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. మూడు ఎపిసోడ్‌లకు సరిపడా మాత్రమే తయారై పని ఆగింది. 1986లో 'మెగాజోన్ 23' అనే మరో జపనీస్ కథ క్లిప్పులతో కట్టిన సినిమా కూడా టెక్సాస్‌లో ట్రయల్ రన్ దాటలేదు. తేరగా దొరికిన బొమ్మ మీద చుట్టరికాలు రాయడంలో ఆరితేరినవాళ్లకు, బొమ్మ కొనుక్కోవాల్సి వచ్చేసరికి చేతులు కాలాయి.

మేసెక్ తర్వాత స్ట్రీమ్‌లైన్ పిక్చర్స్ పెట్టి జపనీస్ సినిమాలను అమెరికా థియేటర్లకు తెచ్చాడు, 2010లో చనిపోయాడు. హక్కుల తగువు మాత్రం ఆయన వెనక కూడా నడిచింది. తత్సునోకో నుంచి హార్మొనీ గోల్డ్ తీసుకున్న హక్కులు ఒకవైపు, మాక్రాస్ పాత్రల డిజైన్‌లు మావే అన్న జపాన్ సంస్థలు బిగ్‌వెస్ట్, స్టూడియో నూయే మరోవైపు. మాక్రాస్ పేరుతో జపాన్‌లో వచ్చిన సీక్వెల్స్‌లో చాలావాటికి విదేశాల తలుపులు ఏళ్ల తరబడి మూసుకుపోయాయి. 2021 ఏప్రిల్‌లో బిగ్‌వెస్ట్, హార్మొనీ గోల్డ్ రాజీకి వచ్చాయి. ఆ తర్వాతే జపాన్ బయట వాటిలో చాలావాటిని చట్టబద్ధంగా చూసే వీలు కలిగింది.